నళిని ఫోన్లో నెట్

ఉదయం ఏడింటికి నాందేడ్‌లో బయలుదేరాలి. పదకొండింటికి మాహూర్ గుట్ట ఎక్కి రేణుకమ్మకు చీర సమర్పించాలి. చీకటి పడకముందే ఇల్లు చేరాలి. ముప్పై నాలుగేళ్లు రైలు గార్డుగా చేసిన వెంకటస్వామి ఈ టైంటేబుల్‌ను కాగితం మీద రాసుకుని, ఎక్కడ ఎన్ని నిమిషాలు చాయ్ తాగాలో కూడా లెక్కవేసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అదే జేబులో భార్య నళిని ఫోన్ ఉంది. ఆమె పోయి పదమూడు నెలలు. ఆయన ఆ ఫోన్‌కు రీఛార్జి ఆపలేదు, రోజూ ఛార్జింగ్ పెడతాడు, వాడడు.

చీర నళిని మొక్కు. ఆపరేషన్ బల్ల మీద నుంచి లేచి వస్తే ఇస్తానంది. లేచి రాలేదు. ఏడాది దాటేదాకా గుట్ట ఎక్కకూడదు గనక ఆయన ఆగాడు. ఇక ఆగదలుచుకోలేదు.

టైంటేబుల్‌లో లేనివి రెండు లాప్‌టాప్‌లు. పుణెలో ఉద్యోగాలు చేసే కొడుకు చరణ్‌కూ, కోడలు ప్రణాలికీ సెలవు దొరకలేదు. కారు వెనక సీట్లోనే ఆఫీసు తెరిచారు. హిమాయత్‌నగర్ దాటగానే ఇద్దరి ఫోన్లలోనూ సిగ్నల్ పోయింది.

"బాపూ, తొమ్మిదిన్నరకు నాకు మీటింగ్ ఉన్నది. ఈ అడవిల అమ్మ సిమ్ముకే టవర్లున్నయి. జర ఆ ఫోన్ ఇయ్యవా?"

"మీ అమ్మ ఫోన్ ముట్టుకోకు."

"గుంజుకుంటలేను బాపూ. దాని నెట్టు మా లాప్‌టాప్‌లకు ఇచ్చుడు, గంతే. ఫోన్ నీ చేతిలనే ఉంటది."

వెంకటస్వామి జేబులోంచి ఫోన్ తీసి ఇచ్చాడు. చరణ్ ఏదో నొక్కాడు. రెండు తెరల మీదా ఒకటే పేరు వచ్చింది: నళిని. ఆ పేరు మీద నొక్కడానికి చరణ్‌కు కొంత సమయం పట్టింది. 'నళిని కనెక్ట్ అయింది' అని చూపించాక చరణ్ ఫోన్ తిరిగి ఇచ్చాడు.

"కొంచెం బయటికి పట్టు బాపూ. ఇంకా పైకి!"

వెంకటస్వామి కిటికీలోంచి చేయి చాపి, ఒకప్పుడు పచ్చజెండా పట్టినట్టు ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. అది అరచేతిలో పిచ్చుకలా కిచకిచమంది. ఒకసారి, మరోసారి, ఇంకోసారి. నెట్ పోయేటప్పుడు అట్లాగే అరుస్తుంది కాబోలనుకున్నాడు.

పది నిమిషాలకు ఆయన సొంత ఫోన్, బటన్లది, మోగింది. నాందేడ్‌లో పక్కింటి జనాబాయి.

"భావుజీ! వహినీ మాట్లాడింది!"

"ఏ వదిన?"

"నళినీ వహినీ! 'నా ఇడ్లీపాత్ర నీ కాడనే ఉన్నది, ఇంటికి అస్తున్న, తీసి పెట్టు' అన్నది. ఆమె గొంతే! భావుజీ, పాత్ర తోమి మీ గడప మీద పెట్టిన. మీద నిమ్మకాయ గూడ పెట్టిన. నేను కావాలని ఉంచుకోలేదని ఆమెకు జర చెప్పుర్రి!"

ఫోన్‌లో అరుపు కారంతా వినిపించింది. డ్రైవర్ గజానన్ "ఆయీ రేణుకా!" అంటూ స్టీరింగ్ వదిలి రెండు చేతులూ జోడించాడు. కారు కూడా భక్తితో ఎడమకు వంగింది.

"గజానన్! ముందు పట్టుకో, తర్వాత మొక్కు!"

ప్రణాలి నళిని ఫోన్ అందుకుని చూసింది.

"మామయ్యా, అత్తమ్మ దావఖానల మాట్లాడి పెట్టిన మెసేజ్‌లు ఇవి. అప్పుడు నెట్ బందున్నది. గిప్పుడు మేం చాలూ చేసినం గదా, అన్ని పోతున్నయి."

"బందు ఎవరు చేసిన్రు?" అన్నాడు చరణ్.

ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం, "ఊకె నెట్ చాలూ పెడితే అయిపోతది" అని ఆపేసింది వెంకటస్వామే. ఆ తర్వాతే నళిని దిండుకు ఆనుకుని గంటసేపు ఫోన్‌లో మాట్లాడింది. 'పంపిన' అంటూ తృప్తిగా కళ్లు మూసుకుంది.

"ఎవలెవలకు పోయినయి?" అన్నాడు వెంకటస్వామి.

"జనాబాయికి, శివవ్వ పెద్దమ్మకు, కిషన్‌రావు మామకు. మామకు ఇంకా చేరలేదు. మాండవిల సిగ్నల్ లేనట్టున్నది, ఒక్క టిక్కే పడ్డది."

"అది తీసెయ్యి. ఇప్పుడే తీసెయ్యి బిడ్డా!"

కిషన్‌రావు నళిని అన్న. ఆరేళ్ల క్రితం చరణ్ చెల్లెలు రోహిణి పెళ్లి పత్రికలో మేనమామగా ఆయన పేరు అచ్చుపడలేదు. పేరు మరిచింది నళిని. "నేనే మరిచిన బావా" అని నెత్తిన వేసుకున్నది వెంకటస్వామి. అన్నకు బావ మీద కోపం వస్తే బతకవచ్చు, చెల్లెలి మీద వస్తే ఆమె బతకలేదని ఆయన లెక్క. కిషన్‌రావు ఆనాటి నుంచి మాట్లాడలేదు. ఆసుపత్రిలో నళిని అన్నకు నిజం చెప్పేస్తానంది. వద్దన్నా వినలేదు. ఆమె పోయిననాడు పుట్టింటి చీర పట్టుకుని కిషన్‌రావు రాలేదు. నిజం విని, చెల్లెలి మీద పగ పట్టాడని వెంకటస్వామి అనుకున్నాడు. పదమూడు నెలలుగా అట్లాగే అనుకుంటున్నాడు.

ఆ మెసేజ్ అసలు పోనేలేదు. ఇప్పుడు పోతే, చచ్చిపోయిన చెల్లెలిని అన్న తిట్టుకుంటాడు.

ప్రణాలి మెసేజ్ మీద వేలు పెట్టిందో లేదో, ఫోన్ మోగింది. గోకుందలో ఉండే నళిని అక్క శివవ్వ. కాల్ రాగానే నెట్ తెగి, మీటింగ్‌లో చరణ్ నోరు తెరిచిన బొమ్మలా ఆగిపోయాడు.

"చెల్లే, యాడిదాక అచ్చినవే? వారం ఉంటనంటివి. పరుపు ఎండకేసిన."

"వదినా, నేను. వెంకటస్వామిని."

"నీతోని గాదు. ఫోన్ దానికియ్యి."

"వదినా, ఆమె..."

"నాకు తెల్వదా, పోయిందని? నేనే గదా నీళ్లు పోసింది!" శివవ్వ ఏడ్చింది. "అయినా ఇయ్యి. ఎవలన్న ఇనేటోళ్లు ఉంటరేమో!"

మాహూర్ పోతున్నామని ఆయన చెబితే, తనూ వస్తానంది. ఫోన్ ఎట్లా పెట్టేయాలో ఆయనకు తెలియలేదు. ఆమె ఏడ్చినంతసేపూ నెట్ రాలేదు. వచ్చేసరికి కారు కిన్వట్ చేరింది. మెసేజ్ పక్కన రెండు టిక్కులున్నాయి. చూస్తుండగానే నీలమయ్యాయి.

టైంటేబుల్ అక్కడితో సరి. గోకుందలో చెట్టంత పరుపుచుట్ట పక్కన శివవ్వ రోడ్డు మీదే నిలబడి ఉంది. పరుపు లేకుండా ఎక్కనంది. పరుపు ముందు సీట్లో కూర్చుంది, వెంకటస్వామి వెనక్కి వచ్చాడు. చరణ్ లాప్‌టాప్ మీద శివవ్వ మోచేయి పడి, కెమెరా తెరుచుకుంది. పుణె ఆఫీసులో పన్నెండు మంది ఏడుస్తున్న ముసలామెను చూశారు.

"నమస్తే అయ్యలారా," అందామె కళ్లు తుడుచుకుని. "పిల్లగాన్ని గింత తిప్పలు పెట్టకుర్రి."

మేనేజర్ మీటింగ్ ముగించాడు. చరణ్ లాప్‌టాప్ మూశాడు.

"అన్న గూడ మాహూర్ అస్తుండు," అంది శివవ్వ. "మీరు గుట్టకు పోతున్నరని నేనే చెప్పిన."

మాహూర్ దగ్గరపడ్డాక వెంకటస్వామి, "నాకేమన్న పంపిందా?" అని కోడలిని అడిగాడు.

"మీది బటన్ల ఫోన్ గదా మామయ్యా," అంది ప్రణాలి మెల్లగా.

గుట్ట మెట్ల కింద మోటారుసైకిల్ పక్కన కిషన్‌రావు నిలబడి ఉన్నాడు. తెల్లటోపీ, చంకలో గుడ్డసంచి. వెంకటస్వామి ఆయన ముందుకు వెళ్లాడు.

"పత్రిక రాసింది నేనే బావా. మరిచింది నేనే. ఆమె మాట పట్టుకోకు. అప్పటికే జరం మీదున్నది."

కిషన్‌రావు తన ఫోన్ తీసి నొక్కాడు. మెట్ల దగ్గర కొబ్బరికాయలమ్మే వాళ్ల అరుపుల మధ్య నళిని గొంతు వచ్చింది, కొంచెం ఆయాసంతో.

"అన్నా, నీ పేరు మరిచింది నేనన్నా. ఆయన నా తప్పు మీదేసుకున్నడు. నువ్వు గూడ నమ్మితివి. నేను లేచినంక మాహూర్ పోదం. అమ్మవారికి చీర నువ్వే తేవాలె, పుట్టింటిది. అన్నా, ఆయన టైంటేబుల్ రాస్తడు గని టైంకు తినడు. నేను లేనప్పుడు జర చూసుకో. ఉంట మరి."

కిషన్‌రావు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"అది పోయిననాడు నువ్వు ఒక్క ఫోన్ చెయ్యకపోతివి బావా," అన్నాడు కిషన్‌రావు.

"నువ్విది విన్నవనుకున్న. విని గూడ రాలేదనుకున్న."

"నాకు ఇయ్యాల్నే వినవడ్డది."

"నెట్ నేనే బందు చేసిన బావా," అన్నాడు వెంకటస్వామి. "ఆమె మాట్లాడుతుంటే నా జేబుల కాగితం మీద ఏదో రాసుకుంట కూసున్న. నెట్ చాలూ ఉన్నదా లేదా అని సుత చూడలే."

కిషన్‌రావు తిడతాడని చరణ్ ముందుకు వచ్చాడు. ఆయన తిట్టలేదు. సంచిలోంచి పచ్చచీర తీసి, మడత సరిచేశాడు.

"పదమూడు నెలలు లేటయింది," అన్నాడు.

"లేటే బావా," అన్నాడు వెంకటస్వామి, ముప్పై నాలుగేళ్ల అలవాటు మీద. "రద్దు గాదు."

రెండు చీరలతో అందరూ మెట్లెక్కారు. సగం దూరంలో కిషన్‌రావు ఆగి, సంచిలోంచి రొట్టె తీసి బావ చేతిలో పెట్టాడు. అప్పుడు పదకొండు కాదు, రెండు దాటింది. వెంకటస్వామి మెట్టు మీద కూర్చుని తిన్నాడు. తింటున్నంతసేపూ నళిని ఫోన్ ఒళ్లోనే ఉంది. ఈ రోజుకు నెట్ అయిపోయిందని అది చెబుతోంది.

రెండు నెలల తర్వాత రోహిణి కొడుకు పుట్టువెంట్రుకలు. పత్రిక అచ్చువేయించే పని ఈసారి కిషన్‌రావు పట్టుబట్టి తనే తీసుకున్నాడు. ఆయన పేరు మూడుచోట్ల పడింది, వెంకటస్వామిది మరిచిపోయాడు.