పచ్చిక ముట్టని గుర్రం

ప్రజలకు ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, కరాబెల్ లోయకు ప్రభుత్వం వారు దయచేసిన తెల్ల గుర్రం తాగి తూలుటలేదు. గాలిమార్పు వలన విశ్రాంతి తీసుకొనుచున్నది. ఇందుకు భిన్నముగా మాట్లాడువారిపై తగు చర్య తీసుకొనబడును.

మసీదు పక్క గోడకు ఈ ప్రకటన అంటించినప్పుడు బెయిషెన్ దాన్ని ఆసాంతం చదివాడు. ఆ గుర్రాన్ని అప్పగించింది ఆయనకే. అప్పగించిన మూగజీవం తన చేతుల్లో చస్తే, రేపు తీర్పు దినాన దేవుడి ముందు జవాబు చెప్పుకోవలసింది ప్రకటన రాసినవాడు కాదు, తనే.

వ్యవహారం వసంతంలో మొదలైంది. జిల్లాకు కొత్తగా వచ్చిన అధికారి నుర్దౌలత్ గారు మేతభూములు చూడటానికి విచ్చేశారు. గొర్రెలు గీకి గీకి మేయడంతో కొండలన్నీ గుండు చేయించుకున్నట్టున్నాయి. తూర్పు వాలు ఒక్కటే మోకాలెత్తు గడ్డితో నిగనిగలాడుతోంది. అది మత్తుగడ్డి. మేసిన పశువు తూలుతుంది, మరీ మేస్తే లేవదు. లోయలో పుట్టిన మేకపిల్ల కూడా దాని మీద మూతి పెట్టదు. ఎవరూ ముట్టరు గనకే అది అంత పచ్చగా ఉంది.

అధికారిగారి చూపు మాత్రం నిశితమైనది. ఆయన బండి దిగి అక్కడికక్కడే ప్రసంగించారు. “పెద్దలారా, మీరు కొండలన్నీ నాశనం చేశారు. కానీ ఎవరో ఒక మహానుభావుడు ఈ వాలును కాపాడాడు. ఇది జిల్లాకే ఆదర్శం. దీనికి కంచె వేయిస్తాను. ఈ పచ్చికకు తగిన మేలుజాతి గుర్రాన్ని కూడా తెప్పిస్తాను. దాన్ని బెయిషెన్ గారు చూసుకుంటారు.”

పెద్దలు తమ బూట్ల వైపు చూసుకున్నారు. తరవాత చప్పట్లు కొట్టారు. బెయిషెన్ కూడా కొట్టాడు.

“చెప్పలేదా?” అని ఇంట్లో భార్య సైరాగుల్ అడిగింది.

“ఎట్లా చెప్పను? అప్పటికే రొట్టె విరిచి ముందు పెట్టాం. రొట్టె ముందున్నాక అతిథి మాట కాదంటారా ఎక్కడైనా?”

“రేపు వచ్చే గుర్రం మాత్రం అతిథి కాదా?”

బెయిషెన్ నమాజుకు వేళయిందన్నాడు. నిజానికి ఇంకా కాలేదు.

గుర్రం వచ్చింది. పాలలాంటి తెలుపు, మెడలో ఎర్ర రిబ్బను. బయటి నుంచి వచ్చిన పశువుకు ఆ లోయలో ఒక మర్యాద ఉంది. మత్తుగడ్డిని కాల్చి ముక్కుకు పొగ పట్టి, దాని రసం పెదవులకు రుద్దుతారు. ఆ ఘాటుకు అది జన్మలో ఆ గడ్డి వైపు పోదు. బెయిషెన్ గడ్డి కట్ట వెలిగించబోతుంటే అధికారిగారి కార్యదర్శి పరుగున వచ్చాడు.

“ఏం పనిది పెద్దాయనా? ప్రభుత్వ గుర్రానికి పొగ పెడతావా? ఫొటోలో నల్లగా పడితే ఎవరిదయ్యా పూచీ?”

బెయిషెన్ కట్టను కాలితో ఆర్పాడు. గుర్రాన్ని కంచెలోకి వదిలారు. అది ఆకలి మీదుంది, ఆవురావురుమని మేసింది. అందరూ సంతోషించారు.

మర్నాటికి అది తల వేలాడేసి, చొంగ కారుస్తూ, ఒకడుగు ముందుకూ రెండడుగులు పక్కకూ వేయసాగింది. వెంటనే విచారణ సంఘం దిగింది. ముగ్గురు సభ్యులూ దాని నోరు వాసన చూసి, ఎవరో సారా పట్టించారని ఏకగ్రీవంగా తేల్చారు. జీవితంలో సారా సీసా మూత కూడా తీయని బెయిషెన్‌ను ముందువరసలో కూర్చోబెట్టి మద్యపానం వల్ల కలిగే నష్టాల మీద ఉపన్యాసం ఇప్పించారు. ఇకపై గుర్రానికి ఎవరూ సారా అందించకుండా కంచెకు తాళం వేసి సీలు వేశారు. లోపల గుర్రం, మత్తుగడ్డి మిగిలాయి.

పట్నం నుంచి వచ్చిన పశువైద్యురాలు గడ్డిని పరీక్షకు పంపింది. జవాబు సూటిగా వచ్చింది. ఆ గడ్డి లోపల కంటికి కనపడని బూజు కాపురముంటుంది. పశువుకెక్కేది దాని విషమే. పురుగు ముట్టకుండా గడ్డిని కాచేదీ ఆ బూజే.

అధికారిగారు అది చదివి నొచ్చుకున్నారు. “పచ్చగా ఉంచేదాన్ని జబ్బంటారేమిటమ్మా? ఈ లెక్కన మా కార్యాలయంలో ఆరోగ్యంగా ఉన్నవాడు ఒక్కడూ మిగలడు.” అయితే సారా మాటను మాత్రం వెనక్కి తీసుకున్నారు. పైన చెప్పిన ప్రకటన అలా పుట్టింది.

అది చదివిన మర్నాడు తెల్లవారుజామున బెయిషెన్ నమాజు ముగించి, పట్టకారు తీసుకుపోయి కంచె తీగ కత్తిరించాడు. సీలు జోలికి పోలేదు, ప్రభుత్వమంటే ఆయనకు గౌరవం. పడిపోయి ఉన్న గుర్రాన్ని సైరాగుల్ ముందునుంచి లాగుతుంటే తను వెనకనుంచి నెట్టి ఇంటికి చేర్చాడు. ఎండుగడ్డి, నీళ్లు పెట్టారు. అది తేరుకుని నిలబడ్డాక, ఆలస్యంగానైనా, పొగ పట్టారు.

తెల్ల గుర్రం కాస్త నల్లబడింది గానీ బతికింది.

ఆదర్శ పచ్చికకుగాను నుర్దౌలత్ గారికి పెద్ద పదవి వచ్చింది. ఆయన చోట ఇంకొకాయన వచ్చారు. లోయ యావత్తూ రొట్టె, ఉప్పు పట్టుకుని, తెల్ల గుర్రాన్ని కూడా తోలుకుని ఎదురెళ్లింది. కొత్త అధికారిగారు తూర్పు వాలు చూసి ఆగిపోయారు.

“ఆహా, ఎంత పచ్చిక. దీన్ని రెండింతలు చేద్దాం.”

బెయిషెన్ కోటు జేబులో ఈసారి మత్తుగడ్డి కట్టా అగ్గిపెట్టే ఉన్నాయి. సైరాగుల్ ఆయన వైపు చూసింది. ఆయన తన చేతిలోని రొట్టె వైపు చూశాడు. ఫొటోగ్రాఫరు సిద్ధమన్నాడు.

ఆ ఫొటో ఇప్పటికీ జిల్లా కార్యాలయం గోడ మీద ఉంది. అందులో అందరూ పచ్చిక వైపు తిరిగి చప్పట్లు కొడుతున్నారు. మొహం తిప్పుకున్నది గుర్రం ఒక్కటే. దానికి పొగ ఒక్కసారే పట్టారు.