ఎవరి జరం వాళ్లకే

గురువారం పొద్దున్నే తలంటుకుని, ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని, గోడకున్న అద్దం ముందు నిలబడి కౌసల్య తన కష్టాన్ని అప్పజెప్పుకుంది. "సార్, రఘునాథపల్లిల నర్సు జాగ ఖాళీ ఉన్నది. నన్ను ఆడికి పంపియ్యుండ్రి. మా ఆయన ఆడనే ఉంటడు." మొదటి రెండు మాటలూ సాఫీగానే వస్తున్నాయి. మూడో మాట దగ్గర చూపు అద్దం మీంచి జారిపోతోంది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

కురవి దాటి లోపలికి వెళ్తే వచ్చే నల్లచెల్క అనే ఊరి దవాఖానలో, అదే సబ్‌సెంటర్లో, ఆమె నర్సు. భర్త వెంకట్రాం రఘునాథపల్లి బడిలో లెక్కల పంతులు. అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో చదువులు మూతపడి ఆమె ట్రైనింగు వెనక్కి జరిగింది, దాంతో పెళ్లీ వెనక్కి జరిగింది. తీరా పెళ్లయ్యాక ఉద్యోగాలు ఇద్దరినీ చెరో దిక్కు విసిరేశాయి. పండక్కి ఆయన ఇటో, సెలవు దొరికితే ఆమె అటో. మిగతా రోజులన్నీ సాయంత్రం కాగానే ఇల్లు బావురుమంటుంది. కౌసల్య మేడలూ నగలూ కోరుకోలేదు. పొద్దుగూకే వేళ ఒక మనిషి సైకిల్ గోడకు ఆనించి "చాయ్ పెట్టినవా" అని అడగాలి, అంతే. ఆ ఒక్క మాట కోసం ఆమె ప్రాణం కొట్టుకుపోయేది.

ఇప్పుడు దానికో దారి దొరికింది. దవాఖానల్లో పనిచేసేవాళ్ల బాగోగుల మీద, రోగుల నమ్మకాల మీద పరిశోధన చేస్తూ దామోదర్ అనే ఆయన ఊరూరూ తిరుగుతున్నాడు. డోర్నకల్ దగ్గర పనిచేసే సుగుణ ఆయన ముందు కళ్లనీళ్లు పెట్టుకుందట. ఆయన పెద్ద ఆఫీసరుకు చెప్పాడట, నెల తిరక్కుండా సుగుణ బదిలీ మీద జనగామలో దిగిందట. ఆ దామోదర్ ఈ రోజు నల్లచెల్కకు వస్తున్నాడు.

జీపు వచ్చింది. దామోదర్ జనగామ మనిషే గాని, పట్నంలో చదివి పుస్తకం భాష నేర్చుకున్నాడు. సబ్‌సెంటర్లో ఉన్నది ఒక కుర్చీ, ఒక స్టూలు. కుర్చీ నర్సుది, స్టూలు రోగిది. వచ్చినాయనను స్టూలు మీద కూర్చోబెట్టడం మర్యాద కాదు కనుక కౌసల్య కుర్చీ ఆయనకిచ్చి తాను స్టూలు మీద కూర్చుంది. కొంప మునిగింది అక్కడే.

"రాత్రిళ్లు నిద్ర పడుతోందా?" అన్నాడు దామోదర్.

"ఒక్కొక్కనాడు పట్టది సార్."

"ఆకలి?"

"ఒక్కదానికి వండుకొని ఏం తింటం సార్. తినబుద్ధి గాదు."

"ఊరికే ఏడుపు వస్తుందా?"

ఈ ప్రశ్నకు జవాబు ఆమె కళ్లే చెప్పేశాయి.

సరిగ్గా అప్పుడు, మోకాళ్ల నొప్పికి సూది వేయించుకుందామని వచ్చిన సత్తమ్మ కిటికీలోంచి తొంగిచూసింది. ప్యాంటు వేసుకున్న కొత్తాయన కుర్చీలో ఉన్నాడు. తమ సిస్టరమ్మ రోగి స్టూలు మీద కూర్చుని ఏడుస్తోంది. నిద్ర, ఆకలి అడుగుతున్నది డాక్టర్ కాక ఇంకెవరు? సత్తమ్మ నొప్పి మోకాళ్లతోనే పరుగులాంటి నడకతో ఊళ్లో పడింది.

"సిస్టరమ్మకు బాగలేదట. పట్నంకెల్లి పెద్ద డాక్టర్ వచ్చిండు. నిద్ర లేదు, తిండి లేదు."

నల్లచెల్కలో కౌసల్య హస్తవాసి అంటే మాటలు కాదు. కురవి వీరన్న దేవుడి తర్వాత ఆమె చెయ్యే. అదే మందు మానుకోట డాక్టర్ ఇస్తే తగ్గదు, ఆమె ఇస్తే తగ్గుతుంది. అంతటి చేతికి ఏమైందని ఊరు ఆలోచించింది. ఆలోచించి తేల్చింది లచ్చమ్మ. ఊళ్లో కాన్పులు చేసిన పెద్దమనిషి కనుక ఆమె మాటకు ఎదురులేదు.

"మన రోగాలు తీసి తీసి, తీసిన రోగాలన్ని యాడికి పోతయే? ఆ పిల్ల చేతికే ఎక్కినయి. పాపం మనకు తగుల్తది. ఎవరియి వాళ్లం తెచ్చుకుందాం నడువుండ్రి."

లోపల కౌసల్య కళ్లు తుడుచుకుని, గొంతు సవరించుకుని, "సార్, రఘునాథపల్లిల నర్సు జాగ" అని మొదలుపెట్టిందో లేదో, వాకిలి నిండా జనం. ముందు పోశాలు వచ్చాడు. ఆమె కుడిచెయ్యి పట్టుకుని తన నుదుటికి ఆనించుకున్నాడు.

"సిస్టరమ్మా, నా చలిజరం నాకిచ్చెయ్యి."

"అది పోయి ఏడాది దాటె గదా పోశాలు."

"పోలే. నీ తాన ఉన్నది. నాది నాకియ్యి."

నుదుటికి ఆనించుకున్నాడో లేదో వణుకు మొదలైంది. గొంగడి కప్పుకుని వరండాలో ముడుచుకున్నాడు. వెనకే సత్తమ్మ తన మోకాళ్ల నొప్పి తీసుకుని మెట్టు మీద కూలబడింది. నిజానికి ఆ నొప్పి ఆమెను విడిచిందే లేదు. సూదులతో తగ్గినంత మేర ఇప్పుడు తిరిగి తీసుకుందన్నమాట. తేలుకాటు, పంటిపోటు, కడుపునొప్పి, ఎవరిది వాళ్లు అడిగి తీసుకుంటున్నారు. సారక్క తన రెండు కాన్పుల నొప్పులూ ఇమ్మంది. అవి రోగం కిందికి రావని లచ్చమ్మ సర్దిచెప్పి పక్కకు తప్పించింది.

"నాకేం రోగం లేదు, నేను మంచిగనే ఉన్న," అని కౌసల్య మొత్తుకుంది.

"మరెందుకు ఏడిస్తివి?" అంది సత్తమ్మ.

కట్టుకున్నవాడి మీద బెంగతో ఏడ్చానని ఊరందరి ముందు ఏ ఆడది చెబుతుంది? కౌసల్య తల దించుకుంది. దాంతో రోగం ఖాయమైపోయింది.

ఇక దామోదర్ సంగతి. ఆయన పరిశోధనలో సగం రోగుల నమ్మకాలే కదా. ఆ నమ్మకాలు కాళ్లొచ్చి నడిచి వచ్చాయి. ఆయన సంబరపడిపోయి వరండాలో ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని, జ్వరం చేతిలోంచి ఎట్లా వచ్చింది, వచ్చేటప్పుడు వెచ్చగా ఉందా, చల్లగా ఉందా అని అడిగాడు. కౌసల్య బాధ కనుక్కోవడానికి వచ్చిన మనిషి కౌసల్యను మరిచేపోయాడు. వెళ్లేముందు మాత్రం గుర్తు చేసుకున్నాడు.

"నలుగురి మధ్య చెప్పిన జవాబులు పనికిరావమ్మా. రేపు వచ్చి మళ్లీ మొదటి నుంచి అడుగుతాను."

చిలికి చిలికి గాలివాన అయ్యాక అది ఊళ్లోనే ఆగుతుందా? మనిషికి మరీ బాగలేకపోతే అయినవాళ్లను పిలిపించడం ఆనవాయితీ. సబ్‌సెంటర్ అటెండర్ పౌలు వద్దంటున్నా వినకుండా లచ్చమ్మ తన కొడుకు పెద్దులును మధ్యాహ్నం బస్సెక్కించింది. పెద్దులు మానుకోటలో రైలెక్కి, కాజీపేటలో బండి మారి, రఘునాథపల్లిలో వెంకట్రాంను పట్టుకున్నాడు. దారి పొడుగునా ఏం చెప్పాలో ఆలోచించి, భయపెట్టగూడదని, ఈ ఒక్క మాటే చెప్పాడు: "సార్, ఇప్పటికైతే మనిషున్నది. జల్ది నడువుండ్రి."

శుక్రవారం పొద్దున మొదటి బస్సు దిగి వెంకట్రాం పరుగెత్తుకుంటూ వచ్చాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. చేతిలో గ్లూకోజు డబ్బా, బత్తాయిల సంచి. వాకిట్లో ముగ్గు వేస్తున్న భార్యను చూసి అక్కడే చతికిలబడ్డాడు.

"మీకేమైంది?" అంది కౌసల్య కంగారుగా.

"నాకేమైతది. నీకేమైంది? పెద్దులు మాట ఇన్నంక రైలుల కూసోబుద్ధి గాలె కౌసల్యా. తలుపు కాడ నిలబడే వచ్చిన."

లెక్కల పంతులు. ప్రేమ దోమ అని ఏనాడూ నోరు తెరవని మనిషి. రాత్రంతా రైళ్లలో నిలబడి వచ్చాడు. కౌసల్యకు ఒళ్లంతా తేలికైపోయింది. ఇన్నేళ్లలో ఇంత సుఖం ఆమె ఎరగదు. ఆయనకు కాళ్లు కడుక్కోను నీళ్లిచ్చింది, చాయ్ పెట్టింది, పక్కింటి నుంచి గుడ్లు తెచ్చి కూర వండింది. ఊరికే నవ్వింది. సత్తమ్మ గడప దగ్గర నిలబడి ఆ ముఖం చూసి ఊరంతా చాటింది, సిస్టరమ్మకు నయమైందని. గంటలో పోశాలు గొంగడితో సహా దిగాడు.

"నీకు మంచిగైంది గదా. ఇగ నా జరం మళ్ల తీసుకో."

ఆమె నవ్వుకుంటూనే అతని నుదుటి మీద చెయ్యి వేసింది. అతను గొంగడి మడిచి భుజాన వేసుకుని పొలానికి వెళ్లిపోయాడు. తక్కినవాళ్లూ ఎవరి రోగం వాళ్లు అప్పజెప్పి ఇళ్లకు పోయారు.

అప్పుడు వచ్చింది జీపు. జనం లేరు, సద్దు లేదు. దామోదర్ ఈసారి కౌసల్యను కుర్చీలోనే కూర్చోమని తాను స్టూలు మీద కూర్చున్నాడు.

"నిద్ర పడుతోందా?"

సబ్‌సెంటర్ వెనకగదే ఆమె ఇల్లు. అక్కడ వెంకట్రాం గిన్నెలు కదుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. "మంచిగ పడ్తది సార్."

"ఆకలి?"

"ఇయ్యాల మస్తు ఆకలైతున్నది."

"ఏడుపు?"

"ఎందుకేడుస్త సార్?"

"ఇది చివరి ప్రశ్న. ఈ ఉద్యోగంలో మీకు తీరని ఇబ్బంది ఏమైనా ఉందా? ఉంటే చెప్పండి, పై ఆఫీసరుతో నేను మాట్లాడతాను."

"కౌసల్యా, ఉప్పు యాడున్నదే?" అని లోపలినుంచి కేక వచ్చింది.

"పొయ్యెనక డబ్బల," అని చెప్పి, కౌసల్య చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, దామోదర్ వైపు తిరిగింది. "ఏం లేదు సార్. నాకేం రంది లేదు."

దామోదర్ తృప్తిగా లేచాడు. ఇంత నిండు మనసుతో ఉన్న ఉద్యోగినిని తన తిరుగుడులో ఇదే చూడటం అని మెచ్చుకున్నాడు. జీపు భూపాలపల్లి అడవుల దిక్కు వెళ్లిపోయింది.

వెంకట్రాంకు బడిలో పరీక్షలు. సాయంత్రం బస్సుకే బయలుదేరాడు. కౌసల్య రోడ్డు దాకా వచ్చింది. బస్సు మెట్టు మీద కాలు పెట్టాక ఆయనకు గుర్తొచ్చింది.

"అన్నట్టు, ఆ సారుకు బదిలీ ముచ్చట చెప్పినవా?"

కౌసల్య నాలుక కరుచుకుంది. ఆమె ముఖం చూసి ఆయనకూ అర్థమైపోయింది. కండక్టర్ గంట కొట్టాడు. ఆయన కిటికీలోంచి ఏదో అన్నాడు గాని, ఆ మోతలో ఆమెకు వినపడలేదు. బస్సు కనపడినంత సేపూ అక్కడే నిలబడింది. తర్వాత ఇంటికి వచ్చి, ఆయన తాగి బోర్లించిన గ్లాసు ముందు కూర్చుని, ఈసారి ఎవరూ అడగకుండానే ఏడ్చింది.

తెల్లారి పౌలు ఆమె తరఫున మానుకోట దాకా పోయి వాకబు చేశాడు గాని, అడవుల్లో తిరిగే జీపును ఎవరు పట్టుకుంటారు? ఎండాకాలం రాకముందే రఘునాథపల్లి జాగ భూపాలపల్లి వైపు నర్సు ఒకామెకు దక్కింది. దామోదర్ అడిగిన పూట ఆమె మొగుడు ఊళ్లో లేడట, కడుపు తరుక్కుపోయేలా ఏడ్చిందట. నల్లచెల్క నర్సు మాత్రం ఉన్నచోటే సుఖంగా ఉందని, కదిలించాల్సిన పనిలేదని ఆయన పైవాళ్లకు చెప్పాడు. ఆయనను అని లాభం లేదు. అడిగిన పూట కౌసల్య అబద్ధమైతే చెప్పలేదు.