నాయనమ్మ అయితే పనికిరాదు

ఆసియాను గురించి ఆసియావాళ్ళకు ఏమీ తెలియదు. ఒకవేళ తెలిసినా, ముందు దరఖాస్తు పెట్టుకుని, ఫెలోషిప్పు తెచ్చుకుని, విమానమెక్కి, మంచు కురిసే ఊళ్ళో కూర్చుంటేగాని అది తెలిసినట్టు లెక్క కాదు.

ఇది అన్యాయమని గోల చేసేవాళ్ళున్నారు. నేను వాళ్ళ పక్షం కాదు. ఇంట్లో ఉండి ఇంటిని చూసినవాడెవడు? ఎదురింటి డాబా ఎక్కితేగాని మన పెంకుల మీద ఎంత నాచు పట్టిందో కనబడదు. విదేశీ విశ్వవిద్యాలయాల్లోని ఆసియా అధ్యయన శాఖలు మనకు ఆ డాబా మెట్లు చూపిస్తున్నాయి. అందరినీ ఎక్కనివ్వకపోవడం కూడా మన మంచికే.

నమ్మరా? అయితే యూసుఫ్‌గూడ జీవమణి సంగతి వినండి.

జీవమణి చరిత్రలో ఎమ్మే. ఊరంతా కంప్యూటరు నేర్చుకుంటున్న రోజుల్లో చరిత్ర చదివిన పాపానికి, పంజగుట్టలో ఒక మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఆఫీసులో హెడ్‌ఫోన్లు పెట్టుకుని అమెరికా డాక్టర్లు చెప్పే రోగాలు టైపు చేసేది. సాయంత్రం యూసుఫ్‌గూడలోని రెండు గదుల పోర్షనుకు చేరేది. అక్కడ నాయనమ్మ చిలకమ్మ ఉండేది.

చిలకమ్మ పుట్టింది కాకినాడ పక్క పల్లెలో. పెరిగింది రంగంలో. రంగమంటే రంగూన్, గోదావరి జిల్లాలవాళ్ళు అలాగే అంటారు. తండ్రి అక్కడ రైసుమిల్లులో కూలి. జపానువాళ్ళు బాంబులు వేసినప్పుడు ఆవిడకు పదమూడో ఏడు. జనంతో పాటు అరకాన్ కొండల మీదుగా నడిచి ఈ దేశానికొచ్చింది. బయల్దేరినప్పుడు తమ్ముడున్నాడు. చేరినప్పుడు లేడు.

మధ్యలో ఏం జరిగిందో కన్న కొడుకులకే చెప్పలేదు. మనవరాలికి మాత్రం కూర తరుగుతూనో, తల దువ్వించుకుంటూనో ముక్కలు ముక్కలుగా చెప్పేది. తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేది. జీవమణి కూడా రెట్టించి అడగలేదు. కొన్ని అడగకూడదని ఆమెకు చర్చిలోనూ నేర్పలేదు, ఎమ్మేలోనూ నేర్పలేదు. ఊరికే తెలుసు.

చిలకమ్మకు ఆయాసం ముదురుతోంది. ఆవిడతో నడిచినవాళ్ళు ఒకరొకరే పోతున్నారు. వాళ్ళంతా పోయేలోగా ఆ నడకను మొదటినుంచి చివరిదాకా ఒకచోట రాసిపెట్టాలని జీవమణి కోరిక. రంగం వెళ్ళాలి, ఆ దారి చూడాలి, మిగిలినవాళ్ళను వెతకాలి. దానికి ఫెలోషిప్పు కావాలి.

ఫెలోషిప్పు కావలిస్తే ఎక్కడికి వెళ్ళాలి? ఇంకెక్కడికి, అమీర్‌పేటకే!

మైత్రీవనం వెనక సందులో, టిఫిన్ సెంటరు పైన దుర్గేష్ గారి ఇన్‌స్టిట్యూటు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ చస్తాయని లోకం భయపడినంత కాలం ఆయన మెయిన్‌ఫ్రేమ్స్ నేర్పాడు. ఆ భయం తీరాక జావా నేర్పాడు. అమెరికాలో కంపెనీలు కూలి, జావా కుర్రాళ్ళు తిరిగొచ్చి ఆయన మెట్ల మీదే కూర్చోవడం మొదలయ్యాక, వాళ్ళను మళ్ళీ ఏదో ఒక విమానం ఎక్కించే బాధ్యత ఆయన మీద పడింది. వెతగ్గా వెతగ్గా ఆసియా అధ్యయనాలు దొరికాయి. పోటీ తక్కువ. కోడింగ్ టెస్టు లేదు. ఆయన వెంటనే బోర్డు మార్చాడు. ఇంతటి దూరదృష్టి గలవాడు మన ప్రభుత్వంలో ఒక్కడున్నాడా?

జీవమణి రాసుకెళ్ళిన ప్రతిపాదన ఆయన పూర్తిగా చదివాడు. చదివి, పెన్ను మూత తీశాడు.

"ఈవిడ నడిచింది, కాళ్ళు వాచాయి, ఆకులు తింది. బావుందమ్మా. కానీ ఇందులో థియరీ ఏది?"

"జరిగింది రాశానండి."

"జరిగినదానికి ఫండింగ్ ఉండదు. వలస అనకు, డయాస్పొరా అని పడాలి. పేజీకి మూడు చోట్ల పడాలి. కాళ్ళు వాచాయి అనకు, శరీరం మీద చరిత్ర అను."

కాళ్ళు వాచినచోటల్లా శరీరం మీద చరిత్ర చేరింది. చిలకమ్మ నెత్తిన మోసిన బియ్యం మూట భౌతిక సంస్కృతి అయింది. తమ్ముడు తోబుట్టువుల వియోగం అనే ఉపశీర్షిక అయ్యాడు. ఇంటికొచ్చి చదువుకుంటే జీవమణికి ఆ కాగితాల్లో నాయనమ్మ ఎక్కడుందో దొరకలేదు. చూశారా, దూరం ఎలా ఏర్పడుతుందో? శాస్త్రానికి దూరమే ప్రాణం.

సిఫారసు ఉత్తరాలు కూడా కావాలి. పాఠం చెప్పిన ప్రొఫెసరు సహృదయుడు. నువ్వే రాసుకురా, సంతకం పెడతానన్నాడు. తన గురించి తాను పొగుడుకోవాలంటే జీవమణికి చెయ్యి ఆడలేదు. 'క్లాసుకు సమయానికి వచ్చేది' దగ్గర కలం ఆగిపోయింది. మిగతాది దుర్గేష్ పూర్తి చేశాడు. దాని ప్రకారం ఆ ప్రొఫెసరు తన ఉద్యోగ జీవితంలో ఇలాంటి మేధావిని చూడలేదు. సంతకం పెడుతూ ఆయనా ఆ ముక్క చదివి, అవునా అన్నాడట.

ఇక అమీర్‌పేటలో ఒక ఆచారం ఉంది. ఎవరి దగ్గరైనా మంచి నోట్సు ఉంటే, అది సాయంత్రానికల్లా జిరాక్సు షాపుకు చేరుతుంది. అక్కడినుంచి దాని పేరు మెటీరియల్. రాసినవాడి పేరు మొదటి కాపీలోనే రాలిపోతుంది. దీన్ని అక్కడ ఎవరూ దొంగతనం అనుకోరు. గాలి, నీరు, మెటీరియల్ అందరివీ.

సందు చివర జిరాక్సు షాపు హనుమాండ్లుది. జీవమణి తన సర్టిఫికెట్లు కాపీ తీయించుకోవడానికి వెళ్తే, అతను ఆమె అడగకుండానే ఒక స్పైరల్ బైండింగు ముందు పెట్టాడు.

"గిది సుత తీస్కో మేడం. రంగూన్ మెటీరియల్. మస్తు పోతున్నది. పొద్దుగాల్నుంచి గిదే కొడుతున్న."

తెరిస్తే అందులో చిలకమ్మ.

జీవమణి మెట్లెక్కి దుర్గేష్‌ను నిలదీసింది. ఆయన నొచ్చుకున్నాడు. మీ నాయనమ్మ ఇంతమంది నిరుద్యోగులకు ఉపయోగపడుతోందంటే సంతోషించాలి గాని ఇదేంటమ్మా అన్నాడు. బయట మెట్ల మీద జావా కుర్రాళ్ళు అరకాన్ కొండలు బట్టీ పడుతున్నారు.

ఆ చలికాలం ఒక విదేశీ విశ్వవిద్యాలయానికి ఒక్క అమీర్‌పేట నుంచే కట్టలకొద్దీ దరఖాస్తులు వెళ్ళాయి. అందరిదీ ఒకే అంశం, అందరికీ ఒకే చిలకమ్మ. మామూలు మనుషులయితే అనుమానించేవారు. వాళ్ళు పండితులు. ఈ అంశం మీద హైదరాబాదులో ఒక కొత్త ఆలోచనా సంప్రదాయమే వెలిసిందని కనిపెట్టారు. దాన్ని ప్రోత్సహించాలని తీర్మానించారు. ఒక్క ఫెలోషిప్పు కేటాయించారు.

చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు జీవమణి. రెండోవాడు వివేక్. గుంటూరు వైపు కుర్రాడు, మధురానగర్ హాస్టల్లో ఉండేవాడు, ప్రాజెక్టు మూతపడి అమెరికా నుంచి తిరిగొచ్చినవాడు. మంచివాడే. రంగూన్ అస్సాంలో ఉందనుకునేవాడు, అంతే. మెటీరియల్ మాత్రం కొట్టినపిండి.

ఇంటర్వ్యూలు దుర్గేష్ క్యాబిన్లోనే, స్పీకర్ ఫోనులో జరిగాయి. జీవమణి అన్నిటికీ జవాబు చెప్పింది. ఆఖరున వాళ్ళు, ఈ చిలకమ్మకూ మీకూ ఏమిటి సంబంధం అని అడిగారు. మా నాయనమ్మ అని చెప్పింది. అవతలివాళ్ళు ధన్యవాదాలు చెప్పి పెట్టేశారు.

"యూసుఫ్‌గూడలో ఎవరో ముసలావిడ అంటే పోయేది గదమ్మా," అన్నాడు దుర్గేష్.

"మా నాయనమ్మేనండి."

"అదే తప్పంటున్నాను."

వివేక్‌నూ అదే ప్రశ్న అడిగారు. ఆవిడ నాకేమీ కాదు, నేనెప్పుడూ చూడలేదు అన్నాడు. అక్షరాలా నిజం. నిష్పాక్షికత అని దానికి పేరు. ఫెలోషిప్పు అతనికి వచ్చింది.

మీరే ఆలోచించండి. సొంత మనుషుల గురించి ఎవరైనా సరిగ్గా చెప్పగలరా? పోయిన భార్య ఎలాంటిదని భర్తను అడిగితే ఏమొస్తుంది? కాపురం చేశాడు గనక వాడు పక్షపాతి. మున్సిపాలిటీని అడగాలి. తేదీ, వయసు, కారణం, మూడే ముక్కల్లో చెబుతారు.

అయితే విశ్వవిద్యాలయం జీవమణిని మరిచిపోలేదు. ఏడాది తిరిగాక ఆమెకు మెయిల్ వచ్చింది. మీ స్థానిక పరిజ్ఞానం మమ్మల్ని ఆకట్టుకుంది, మా ఫెలో పరిశోధన కోసం హైదరాబాదు వస్తున్నారు, ఆయనకు సహాయకురాలిగా ఉంటారా అని. పంజగుట్ట నెట్ సెంటరులో కూర్చుని ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. చిలకమ్మ అప్పటికి మంచం దిగడం లేదు. ఎవరి పేరున అయితేనేం, ఆవిడ మాట ఎక్కడో ఒకచోట మిగిలితే చాలనుకుంది. ఒప్పుకుంది.

వివేక్ కోటు వేసుకుని వచ్చాడు. మామ్మగారూ బావున్నారా అనబోయి ఆగాడు. నిబంధనలున్నాయి. దరఖాస్తులో అతని పరిశోధన భాష ఇంగ్లీషని ఉంది. కనక మాటలు దుబాసీ ద్వారానే నడవాలి. అతను ఇంగ్లీషులో అడగాలి, జీవమణి తెలుగులో అడగాలి, చిలకమ్మ తెలుగులో చెప్పాలి, జీవమణి ఇంగ్లీషులో చెప్పాలి. వివేక్ ప్రతి జవాబుకూ రెండుసార్లు తలూపాలి. మొదటిసారి అర్థమైనందుకు, రెండోసారి అధికారికంగా. సహాయకురాలు సొంత ప్రశ్న వెయ్యకూడదు. ఉన్నది ఉన్నట్టు అటూ ఇటూ చేర్చాలి.

బర్మా నుంచి ఎలా వచ్చారని మొదటి ప్రశ్న.

చిలకమ్మ మనవరాలి మొహం చూసింది. "ఏవే, నీకు తెలీదా?"

జీవమణి దాన్ని ఇంగ్లీషులో చెప్పింది.

"ఆ బాబు మన తెలుగోడే గదా. నన్నే అడగొచ్చు గదా?"

అదీ చెప్పింది. వివేక్ వంగి రికార్డరు సరిచేసుకున్నాడు. తర్వాతి ప్రశ్న చదివాడు. తోబుట్టువుల వియోగం గురించి. దుర్గేష్ పెట్టిన మాటే, ఏడు సముద్రాలు తిరిగి వచ్చింది. జీవమణి దాన్ని తెలుగు చెయ్యాలి. తెలుగులో దానికి ఒక్కటే రూపం ఉంది. ఇన్నేళ్ళుగా ఆమె నోటిదాకా వచ్చి ఆగిన రూపం.

"దారిలో నీ తమ్ముడికి ఏమైంది నాయనమ్మా?"

చిలకమ్మ ఊపిరి కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"ఇది నువ్వడుగుతున్నావా, ఆ బాబు అడుగుతున్నాడా?"

నేనేనంటే అబద్ధమేమీ కాదు. కానీ జీవమణికి వివేక్ ముందున్న కాగితం కనబడుతోంది, టేపు తిరగడం కనబడుతోంది. ఈ జవాబు ఎవరికి చేరుతుందో ఆమెకు తెలుసు.

"ఆయనే నాయనమ్మా."

"అయితే, నడిచొచ్చాం అని రాసుకోమను."

వివేక్ రాసుకున్నాడు. ఆ ఒక్క వాక్యం మీద ఇప్పుడక్కడ గ్రంథం తయారవుతోంది. చిలకమ్మ మౌనానికి విడిగా ఒక అధ్యాయమట. జీవమణికి ముందుమాటలో కృతజ్ఞతలు కూడా ఉంటాయట. ఇంతకన్నా మేలు ఎవరు చేస్తారు?

ఆ సాయంత్రం వివేక్ మెట్లు దిగి, ఆటో మాట్లాడుకుని, బేగంపేట దారి పట్టాక, చిలకమ్మ తలుపు దగ్గరికి వెయ్యమంది. మనవరాలిని మంచం మీదే కూర్చోమంది. అడగకుండానే మొదలుపెట్టింది. అరకాన్ కొండల మొదటి మలుపునుంచి తమ్ముడి చెయ్యి వదిలిన చోటుదాకా, ఎక్కడా ఆగకుండా చెప్పింది.

అది ఆసియా అధ్యయనం కాదు. కాబట్టి ఇక్కడ రాయడం లేదు.