పదిహేడో ఉత్తరం

సోమవారం ఉదయం ఎనిమిదింటికి లిఫ్టు మెకానిక్ పౌరసత్వ కార్యాలయానికి పదిహేడో ఉత్తరం పోస్టు చేశాడు. ఆ తర్వాతే పనికి వెళ్లాడు.

దరఖాస్తు పెట్టి మూడేళ్ల రెండు నెలలైంది. ఈ డిసెంబరు లోపు పౌరసత్వం వస్తే కంపెనీ అతన్ని పర్మనెంట్ చేస్తుంది. రాకపోతే ఇంటికి పంపుతుంది. 'ఏ మార్పు వచ్చినా వెంటనే తెలియజేయాలి' అని దరఖాస్తు రసీదు వెనక అచ్చయి ఉంది. ఆ ముక్క చదివి వదిలేసినవాళ్లు వేలమంది ఉంటారు. మెకానిక్ వదల్లేదు. ఫోను నంబరు మారితే రాశాడు. కళ్లజోడు వస్తే రాశాడు. దవడ పన్ను పీకించుకున్నప్పుడు డాక్టరు చీటీ కూడా జతచేశాడు. ప్రతి ఉత్తరానికీ నకలు తీసి ఫైల్లో పెట్టుకున్నాడు.

"పన్ను సంగతి వాళ్లకెందుకండీ?" అంది భార్య.

"రేపు వాళ్లు లెక్కపెడితే?" అన్నాడు.

గురువారం తొమ్మిదిన్నరకు విచారణ అధికారి ఇంటికి వస్తున్నట్టు కబురు వచ్చింది. మెకానిక్ సెలవు పెట్టాడు. భార్య బల్ల తుడిచింది. పది రోజుల కిందట వచ్చిన అతని అత్తగారు తానూ ఓ చెయ్యి వేద్దామని ఫైలు సర్దబోయారు. అన్నిటికంటే పైన పదిహేడో ఉత్తరం నకలుంది.

'మా అత్తగారు వచ్చారు. ఇంట్లో ఇద్దరం ముగ్గురమయ్యాం. ఎప్పుడు వెళ్తారో ఆమె చెప్పడం లేదు. వెళ్లిన వెంటనే తెలియజేస్తాను.'

అత్తగారు దాన్ని రెండుసార్లు చదివారు. తొమ్మిదీ ఇరవై అయిదుకు పెట్టెతో హాల్లోకి వచ్చారు.

"అల్లుడుగారూ, ఇంకో ఉత్తరం రాసుకోండి. పీడ విరగడైందని."

"అయ్యో అత్తయ్యగారూ! అది నియమం."

"పీకిన పన్ను పక్కన నన్ను చేర్చడం ఏం నియమం?"

"పన్నుకి ఒకటిన్నర పేజీ రాశారే అమ్మా. నీకు నాలుగు ముక్కలతో సరిపెట్టారు," అంది కూతురు.

గంట మోగింది. అధికారి వచ్చి కూర్చుని జానెడు మందం ఫైలు బల్ల మీద పెట్టాడు.

"మీ దరఖాస్తు రెండేళ్ల కిందటే పాసైంది."

మెకానిక్ కుర్చీలో కూలబడ్డాడు. "మరి పత్రం రాలేదేమండీ?"

"పంపుదామనుకునేసరికి మీ ఉత్తరం వస్తుంది. ఉత్తరం వస్తే ఫైలు మళ్లీ మొదటి బల్లకి పోవాలి. మొత్తం పదకొండు బల్లలు. పోయినసారి పదో బల్లకి వచ్చింది. మీ పన్ను ఊడింది."

"ఏ మార్పు వచ్చినా చెప్పమన్నది మీరే కదండీ!"

"ఉద్యోగం, చిరునామా, ఇంట్లో మనుషులు. పళ్లు కాదు. ఇక పదిహేను రోజులు ఏ మార్పూ లేకపోతే పత్రం వచ్చేస్తుంది. ఇంట్లో ముగ్గురు, అంతేగా?" అధికారి కళ్లు పెట్టె మీద పడ్డాయి. "అమ్మగారు బయల్దేరుతున్నారా? అయితే ఇద్దరు. మళ్లీ మొదటి బల్లే."

మెకానిక్ లేచి పెట్టె పట్టుకున్నాడు. అత్తగారు వదల్లేదు.

"మీ కాళ్లు పట్టుకుంటాను అత్తయ్యగారూ."

"ముందు పెట్టె వదలండి."

"పదిహేను రోజులే!"

"ఆ కిటికీ గది ఎవరిది?"

"మీదే."

"తెల్లారకముందే మీరు పెట్టే ఆ రేడియో?"

"అమ్మేస్తాను."

"పాపం, ఇక వదిలెయ్యవే అమ్మా," అంది కూతురు.

"నువ్వుండవే. పెద్దవాళ్లం మాట్లాడుకుంటున్నాం." అత్తగారు పెట్టె కింద పెట్టి అధికారి వైపు తిరిగారు. "బాబూ, ఈ మార్పులు తెలిపే ఫారాలేమైనా ఉంటాయా?"

అధికారి సంచిలోంచి ఒకటి తీసి ఇచ్చాడు. ఫైల్లో 'ముగ్గురు' అని రాసుకుని వెళ్లిపోయాడు.

ఆ పదిహేను రోజులూ మెకానిక్ కలం ముట్టలేదు. క్షవరం చేయించుకోలేదు. తుమ్మొస్తే ఆపుకున్నాడు.

పదహారో రోజున పోస్టులో రెండు కవర్లు వచ్చాయి. ఒకదాంట్లో అతని పౌరసత్వ పత్రం ఉంది. రెండోది అత్తగారి పేరున వచ్చింది. ఆమె శాశ్వత చిరునామా ఈ ఇంటికి మారినట్టు నమోదైందని అందులో ఉంది.