పై భాగములన్నియు

ఆ రోజు సాయంత్రం ఐదులోపు అపార్టుమెంటు సెక్రటరీ చేయవలసిన పనులు నాలుగు. ఏది ఎవరిదో తేల్చే ప్రకటన పత్రంలో ఒక పేజీని లిఫ్టు పక్కన అద్దాల బోర్డులో పెట్టాలి. పన్నెండు ఇళ్లవాళ్ల చేతా సంతకాలు పెట్టించాలి. బిల్డరు ఇచ్చిన అసలు ప్లాను జత చేయాలి. అన్నీ తీసుకెళ్లి రిజిస్ట్రారు ఆఫీసులో ఇవ్వాలి. ఒక్క సంతకం తగ్గినా పత్రం చెల్లదు. పత్రం లేనిదే ఎవరి ఇల్లూ వాళ్ల పేరున ఎక్కదు.

సెక్రటరీ అంటే కింది అంతస్తు మూల ఇంట్లో ఉండే కాలేజీ గుమాస్తా. వాళ్ల వంశంలో మొదటి డిగ్రీ ఆయనదే. అందుకని ప్లీడరు మామూలు భాషలో రాసిచ్చిన చిత్తుప్రతిని రెండు ఆదివారాలు కూర్చుని గ్రాంథికంలోకి మార్చాడు. మొదటి పేజీ నిండా మెట్లు, లిఫ్టు, నీళ్ల ట్యాంకు, ఇంకా ప్లానులో ఉమ్మడి అని చూపినవన్నీ ఏకరువు పెట్టాడు. రెండో పేజీ ఇలా ఎత్తుకున్నాడు: "పై భాగములన్నియు అందరికిని ఉమ్మడి. ఎవరైనను ఏ వేళనైనను వాడుకొనవచ్చును. క్రింది ఇండ్లు మాత్రము ఎవరివి వారివే." ఇళ్ల పట్టిక మూడో పేజీలో ఉంది. బోర్డులో ఒక్క పేజీయే పడుతుంది. వాక్యాలు గంభీరంగా ఉన్నాయని రెండోది పెట్టాడు.

తొమ్మిదింటికి పై అంతస్తు నర్సమ్మ చేతిసంచితో సహా వచ్చి ఆయన ఎదుట నిలబడింది. ముఖం పాలిపోయి ఉంది.

"బాబూ, నేను డ్యూటీ దిగి వచ్చేసరికి మా హాల్లో కింది ఇంటి దర్జీ కుట్టుమిషను పెట్టుకుని కూర్చున్నాడు. మా ఆయన పక్కన నిలబడి సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు!"

"దర్జీయా? మీ ఇంట్లోనా?"

"పై భాగాలు ఉమ్మడని నువ్వే రాశావట కదా! కాగితం మీద ఉందంటే మా ఆయన ఊపిరి తీయడం కూడా మానేస్తాడు. బాల్కనీలో ఎవరివో దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. పాతికేళ్లు సూదులు పొడిచి కొనుక్కున్న ఇల్లు బాబూ! సంతకం కాదు, వేలిముద్ర కూడా వెయ్యను."

సెక్రటరీ చేతులు అడ్డంగా ఊపాడు. "అయ్యో అక్కా, పై అంటే పైన కాదు."

"పైన కాకపోతే కిందా?"

"కాదక్కా. పై అంటే ముందు."

"ముందంటే?"

"ముందంటే... వెనక పేజీ."

నర్సమ్మ ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు.

ఈలోగా దర్జీ దిగి వచ్చాడు, మెడలో టేపుతో. "మాట మార్చకండి సెక్రటరీ గారూ. చదువుకున్నవాళ్లు రాస్తారు, మేం నమ్ముతాం. అదీ మా తప్పేనా? మిషను మోసి నడుం పట్టేసింది."

లోపలినుంచి సెక్రటరీ తల్లి అందుకుంది. "ఒరేయ్, మెట్లూ లిఫ్టూ అందరివీ అని రాస్తే నీ డిగ్రీ వెనక్కి లాక్కుంటారట్రా?"

మధ్యాహ్నానికి పై అంతస్తులో ఉన్న నాలుగు ఇళ్లవాళ్లూ సంతకం పెట్టేది లేదని భీష్మించారు. మూడింటికి ప్లీడరు వచ్చాడు. అందరినీ సెక్రటరీ ఇంట్లోనే కూర్చోబెట్టి, మొదటి పేజీ చదివి వినిపించాడు. దర్జీ నాలుక కరుచుకున్నాడు. నర్సమ్మ మంచినీళ్లు అడిగింది.

సెక్రటరీకి ప్రాణం లేచొచ్చింది. లేచి నిలబడ్డాడు. "చట్టం చాలా స్పష్టం. ఎవరి ఇల్లు వారి సొంతం, ఉమ్మడి భాగాల్లో వాటా మాత్రమే. ఉమ్మడిదాన్ని ఎవరూ అమ్మలేరు, ఎవరూ కొనలేరు. ప్లానులో ఏది రాసుంటే అదే. దేవుడు దిగొచ్చినా మారదు."

"ఆ ప్లాను ఇటివ్వండి," అన్నాడు ప్లీడరు.

మడత చెడుతుందని అన్నాళ్లూ సెక్రటరీ దాన్ని విప్పనే లేదు. ప్లీడరు విప్పి వేలు పెట్టి లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"ఇళ్లు పదకొండే ఉన్నాయే?"

వేలు కింది అంతస్తు మూలకు జరిగి ఆగింది. "సమావేశ మందిరం. ఉమ్మడి."

"అది..." సెక్రటరీ లోపలికి వేలు చూపాడు. "అది మా వంటిల్లండీ. ఈ హాలూ, పడకగదీ కూడా."

"ఎవరు అమ్మారు?"

"బిల్డరు."

ఫోన్ చేశారు. ఆ నంబరు ఇప్పుడు ఎవరిదీ కాదట.

తల్లి గోడకు చేరగిలబడింది. నర్సమ్మ వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఈ పత్రం ఇవ్వొద్దు బాబూ. చించెయ్."

సెక్రటరీ గడియారం చూశాడు. నాలుగైంది. "చించితే మీ పదకొండు ఇళ్లూ ఆగిపోతాయక్కా. పెట్టండి సంతకాలు." తన వంతు కలం అందుకోబోతే ప్లీడరు పట్టికలో పన్నెండో వరుస కొట్టేసి, మెల్లగా కాగితం పక్కకు జరిపాడు. "మీది అక్కర్లేదండీ."

ఐదుకు పది నిమిషాలుండగా సెక్రటరీయే స్వయంగా పత్రం ఇచ్చి వచ్చాడు. తిరిగొచ్చేసరికి పదకొండు ఇళ్లవాళ్లూ ఇంకో కాగితం రాసి ఉంచారు, మామూలు తెలుగులో: "సెక్రటరీ కుటుంబం ఇక్కడే ఉంటుంది. ప్లాను మార్పించే ఖర్చు, తిరుగుడు మావి." దాన్ని చూసి ఆయన మొదటిసారి ఏడ్చాడు.

ప్లాను ఇంకా మారలేదు. ఎప్పుడైనా ఆ వీధిన వెళితే సెక్రటరీని ఒకసారి పలకరించండి. ఆదివారం మాత్రం వెళ్లకండి. ఆ రోజు ఆయన ఇంట్లో మీటింగు, ఆయనకే కుర్చీ దొరకదు.