నది నడుమ కిరాయి కారు

మాఘమాసంలో ఒక పొద్దున, ఆలంపూర్ సత్రంలో నిద్ర లేచిన మురళీమోహన్ పథకం చాలా చిన్నది. స్నానం చేసి తెల్ల ధోతి కట్టుకోవాలి. తల్లి మల్లమ్మను, కొత్త వెదురు గంపను కిరాయి కారులో ఎక్కించుకొని, తుంగభద్ర వంతెన దాటి కర్నూలు చేరాలి. అక్కడ చెల్లెలు నాగరాణి కూతురు స్వర్ణలత పెండ్లి. పెండ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావలసింది మేనమామ. మామ రాకపోతే గంప ఎక్కేదే లేదని ఆ పిల్ల ముందే చెప్పి కూర్చుంది.

కారు ఇచ్చిన భువనగిరి రజాక్ అన్నీ విడమరచి చెప్పే ఇచ్చాడు. ఈ కారు బీమా తెలంగాణ వరకే. నది దాటి ఆంధ్రాకు పోతే ముందే చెప్పాలి, పర్మిట్టు, అదనపు బీమా కట్టాలి. చెప్పకుండా దాటితే చిన్న గీత పడినా ఖర్చంతా నెత్తిన పడుతుంది. పైగా కారు ఎక్కడుందో కనిపెట్టే డబ్బా ఒకటి అందులో ఉంది, హద్దు దాటబోతే అది ఊరుకోదు. మురళీమోహన్ పిసినారితనానికి పోచంపల్లిలో పెద్ద పేరే ఉంది. జోగులాంబ దర్శనానికే పోతున్నామని భక్తిగా చెంపలు వేసుకొని మరీ చెప్పాడు. తల్లిని మాత్రం పక్కకు పిలిచి హెచ్చరించాడు.

"కారుల కూసున్నంక ఆ ఊరి పేరు ఎత్తకు. ఇది వింటది."

మల్లమ్మ అక్షరాలా నమ్మింది. ముందు సీటులో కూర్చున్నాక నోరు విప్పితే ఒట్టు.

వంతెన మీద పొగమంచు కమ్ముకొని ఉంది. కింద నది లేదు, ముందు దారి లేదు, అసలు లోకమే లేనట్టుంది. సగం దూరం వచ్చాక వెనక సీటులోంచి ఒక ముసలామె గొంతు మెల్లగా వినిపించింది.

"బిడ్డా, ఎన్కకు రా. నది దాటకు."

వెనక సీటులో ఉన్నది గంప ఒక్కటే. మురళీమోహన్ బ్రేకు తొక్కాడు. ఇంజను ఆగిపోయింది. తాళం ఎన్నిసార్లు తిప్పినా ఉలుకూ పలుకూ లేదు. గొంతు మాత్రం అదే మాట మళ్ళీ అంది.

మల్లమ్మకు అది పొలిమేర తల్లి గొంతే అనిపించింది. పొలిమేర దగ్గర కొట్టాలని కొబ్బరికాయ తెచ్చుకొని కూడా, కారు వింటుందని కొడుకును ఆపమనలేకపోయింది. పొలిమేర తల్లికి కోపం రాదూ మరి! గబగబా దిగి, మంచులో చెయ్యి ఎత్తి కాయ కొట్టింది. కాయకు ఏమీ కాలేదు, కారు ముందు లైటు పగిలింది.

మురళీమోహన్‌కు ఏడుపొక్కటే తక్కువ. రజాక్‌కు ఫోన్ చేసి, గుడి దగ్గరే ఉన్నామనీ కారు కదలడం లేదనీ చెప్పాడు. అంతలో ఫోన్ చార్జింగ్ అయిపోయింది.

ఈలోగా మల్లమ్మ వెనక సీటు వైపు తిరిగి దండం పెట్టింది.

"తల్లీ, నా మనవరాలి పెండ్లి. మేనమామ పోకుంటే పిల్ల గంప ఎక్కదు. జర దయ చూడు."

వెనక సీటులోంచి అదే గొంతు మళ్ళీ వచ్చింది.

"నడిచి పో బిడ్డా. యాళ్లయితాంది."

ఇక మురళీమోహన్ ఆగలేదు. గంప నెత్తిన పెట్టుకొని, తల్లి చెయ్యి పట్టుకొని మంచులోకి నడిచాడు.

అక్కడ భువనగిరిలో రజాక్ తన ఫోన్‌లో మ్యాపు చూసి బెదిరిపోయాడు. కారు గుర్తు నది నడుమ ఉంది. మురళీమోహన్ రాసిచ్చిన రెండో నంబరు నాగరాణిది. ఆమెకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు: కారు నది నడుమ ఉంది, మనిషి మాత్రం జోగులమ్మ దగ్గర ఉన్నానంటున్నాడు. ఆ మాటకు పెండ్లివారు తీసిన అర్థం ఒక్కటే. పెండ్లికూతురుతో సహా అందరూ ఏడుస్తూ వంతెన మీదికి పరుగెత్తారు.

వాళ్ళకు మంచులోంచి ముందు గంప కనిపించింది. తర్వాత తెల్ల ధోతి, దాని పక్కన మొహం నిండా పసుపుతో మల్లమ్మ. నాగరాణి మొగుడు ప్రేమ్‌సాగర్ అందరికంటే ముందు వెనక్కి పరుగెత్తాడు. బ్యాండువాళ్ళు డప్పులు వదిలేసి అతని వెంట పడ్డారు. నాగరాణి, స్వర్ణలత మాత్రమే కదలకుండా నిలబడ్డారు.

"అన్నా, ధోతి జర పైకి పట్టు. కాళ్ళు చూస్త."

పాదాలు ముందుకే తిరిగి ఉన్నాయి. నాగరాణి అన్న మెడ పట్టుకొని భోరుమంది. స్వర్ణలత మాత్రం కండ్లు తుడుచుకొని గంప కింద పెట్టించి ఎక్కి కూర్చుంది. మేనమామ ముహూర్తానికి మండపం చేర్చాడు.

సాయంత్రానికి రజాక్ బస్సులో వచ్చి కారు చూశాడు. సరిహద్దు బోర్డుకు ఇవతలే అద్దం ముక్కలు పడి ఉన్నాయి. లైటుకు బీమా వస్తుందన్నాడు. కారు దాటనే లేదు కనక అదనం కూడా లేదన్నాడు. మురళీమోహన్‌కు ప్రాణం లేచివచ్చింది. ఆ ముసలామె గొంతు ఎవరిదని నవ్వుతూ అడిగాడు.

"మా అమ్మీది, అజ్మత్ బీది. డబ్బా ఉట్టిగ కూస్తే ఎవ్వరు వింటలేరని ఆమెతోని చెప్పించిన. పోయి మూడేండ్లాయె."

"మంచి మనిషి. పెండ్లికి నడిచి పొమ్మన్నది ఆమెనే" అంది మల్లమ్మ.

రజాక్ చేతిలో తాళం ఆగిపోయింది.

"అమ్మా, ఆమె చెప్పింది ఒక్కటే మాట. ఎన్కకు రా, నది దాటకు. ఇంకోటి అండ్ల లేదు."

వెనక సీటు వైపు ఎవరూ చూడలేదు.

ఇప్పుడు మురళీమోహన్ పోచంపల్లి నుంచి భువనగిరికి కారు తీసుకున్నా, సరిహద్దు రుసుము ముందే కడుతున్నాడు.