కోచ్ పుట్టిన ఊరి నుంచి బస్సులో

రైలు రాకపోవడంలో ఉన్న సుఖం రైలొస్తే ఉండదు! నమ్మరా? మా రైల్వే వాళ్లు ట్రాక్ పనుల పేరు చెప్పి రైలుకు బదులు బస్సు వేయడం మొదలుపెట్టాక, నాకు చరిత్ర మీద గౌరవం రెట్టింపయింది.

ఎందుకంటారా? మీరు ఎక్కే రైల్లో 'కోచ్' ఉంది చూశారూ, అది మాది! హంగరీలో కొచ్ అనే మా పల్లెది. రైలన్నది ఎవరి ఊహలోనూ లేని రోజుల్లో మా ముత్తాతల ముత్తాతలు ఇక్కడ తేలికపాటి గుర్రబ్బండ్లు చేశారు. ఊరి పేరే బండి పేరయింది. దేశాలు తిరిగి తిరిగి చివరికి రైలుపెట్టెకు అతుక్కుంది. పుట్టింది మాత్రం మట్టిరోడ్డు మీద! దాన్ని పట్టాల మీంచి దించి మళ్లీ రోడ్డెక్కించిన పుణ్యాత్ములను తిట్టడానికి మీకు నోరెలా వస్తుంది?

మొన్న ఆ రైల్వే వాళ్లే బుడాపెస్ట్‌లో 'కోచ్' మాటకు పండగ చేస్తూ, పుట్టింటి తరఫున మాట్లాడమని నన్ను పిలిచారు. ఆ మాట మాదేనని నలుగురిలో చెప్పాలని నాకు ఎన్నాళ్ల కోరికో! నల్లకోటు ఇస్త్రీ చేయించాను.

"కారులో పోరాదూ?" అంది మా ఆవిడ ఎటెల్కా.

"రైల్వే సభకి రైల్లో వెళ్లకపోతే పరువేం కానే?"

"పరువు సరే, నువ్వు చేరాలిగా!"

స్టేషన్లో రైలు లేదు, బస్సుంది. ఆహా, ఏం బస్సు! రైల్లో ఎవరి మొహం వారిది. ఇక్కడ ఒకరి ఒళ్లో ఒకరం. నా ఒళ్లో పక్కూరి బోరిష్కా అవ్వ దోసకాయ ఊరగాయ జాడీ, కుదుపు కుదుపుకీ ఉప్పునీళ్లు తొణుకుతూ. రైలు డ్రైవర్ ఎప్పుడైనా మిమ్మల్ని పలకరించాడా? ఈయన వెనక్కి తిరిగి మమ్మల్నే దారి అడిగాడు.

"తర్వాతి స్టేషన్ ఎటండీ? నాది ఈ వైపు కాదు."

"ఎడమకి తిప్పు నాయనా," అంది అవ్వ. "కుడికి, కుడికి!" అన్నారు వెనకవాళ్లు. రెండు వైపులా వెళ్లి చూశాం. ప్రజాస్వామ్యమంటే అదీ! ఆపైన, రైలు ఆగే చోటల్లా బస్సూ ఆగాలన్న రూలు ప్రకారం, ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ లేని ప్రతి స్టేషన్ వాకిట్లోకీ వెళ్లి చుట్టూ తిరిగి వచ్చాం. ఈలోగా అవ్వకు కోచ్ చరిత్రంతా పూస గుచ్చినట్టు చెప్పాను.

"మరి ఆ గుర్రాలేవి నాయనా? వాటికి దారి తెలిసేదిగా!" అంది.

సభకు చేరేసరికి కుర్చీలు మడతపెడుతున్నారు. వియన్నా నుంచి ఒకాయన టైముకే వచ్చాడట. వాళ్ల రైలు నడిచిందట! నేను రాలేదని నా వంతు ఆయనకే ఇచ్చారట. కోచ్ వియన్నాలో పుట్టిందని చెప్పి, చప్పట్లు కొట్టించుకుని, జ్ఞాపిక చంకన పెట్టుకుని, ఎంచక్కా రైలెక్కి వెళ్లిపోయాడు. నా ఒళ్లు మండింది. ఏడుపూ వచ్చింది.

"ఏమనుకోకండి పెద్దాయనా," అన్నాడు సభ పెట్టినాయన. "వచ్చే ఏడాది ఆ మాట మీ ఊరిదేనని మైకులో చెప్పిస్తాం."

కోటు మీద ఊరగాయ నీళ్లు తుడుచుకుంటూ అన్నాను: "వద్దు బాబూ. ఆ మాట వియన్నాకే ఇచ్చేయండి. మాకో కోచ్ పంపండి."